ఆడపిల్లల భయం, మగపిల్లల అనుమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ, బీటెక్ చదివేవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. చట్టం గురించి చెప్పినచోట సెక్షన్లన్నీ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు), భారతీయ నాగరిక్ సురక్షా సంహితల (పోలీసు, కోర్టు పద్ధతులు) ప్రకారం ఇచ్చాం.

భయం నిజంగానే పెరిగిందా? లేక ఫోన్లో ఎక్కువ కనబడటం వల్ల అలా అనిపిస్తోందా?

రెండూ ఉన్నాయి. ఆడపిల్లల భయానికి ఆధారం లేదనడం అన్యాయం. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే చంపారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద బీటెక్ అమ్మాయిని పొడిచి చంపినవాడు ఆమెకు ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవాడే. మూడు చోట్లా అమ్మాయి కాదనడం దగ్గరే మొదలైంది. దేశం మొత్తమ్మీద మహిళలపై నేరాల కింద 2022లో నమోదైన కేసులు 4,45,256. అందులో అన్నిటికంటే పెద్ద వాటా భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసది. అత్యాచారం కేసుల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా తెలిసినవాళ్లే నిందితులు. అంటే చీకట్లో ఎదురయ్యే అపరిచితుడి కంటే పరిచయస్తుడి వల్లే ప్రమాదం ఎక్కువ.

అబ్బాయిల భయం ఈ మధ్య బయటికి వచ్చింది. 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్య పెట్టిన కేసుల గురించి సుదీర్ఘమైన లేఖ రాసి, వీడియో పెట్టి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025లో మేరఠ్ డ్రమ్ము కేసు, మేఘాలయ హనీమూన్ కేసు, మన గద్వాల సర్వేయర్ హత్య వరసగా వచ్చాయి. మూడింటిలోనూ భర్తల హత్య వెనుక ఉన్నారని భార్యల మీద ఆరోపణలున్నాయి. మేరఠ్‌లో శవాన్ని దాచిన నీలం డ్రమ్ము మీద రీల్స్ తెలుగులో ఇప్పటికీ తిరుగుతున్నాయి. పెళ్లిచూపులకు వెళ్లే అబ్బాయి కూడా ఆ రీల్ చూసే వెళ్తున్నాడు.

రెండు భయాలూ నిజమైనవే కానీ వాటి బరువు ఒకటి కాదు. ఆడపిల్ల బస్సెక్కేటప్పుడు, గది అద్దెకు తీసుకునేటప్పుడు, రాత్రి షిఫ్టు ఒప్పుకునేటప్పుడు రోజూ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మగపిల్లవాడి భయం ఎక్కువగా వార్తల వల్ల వచ్చినది. ఆ తేడా ఒప్పుకుంటేనే మిగతా మాటలు ముందుకు సాగుతాయి.

ఇంటర్ దాకా అమ్మాయిలూ అబ్బాయిలూ మాట్లాడుకోనివ్వరు కదా. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. చాలామంది ఊహించే దానికంటే ఎక్కువ. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేరే క్యాంపస్‌లు ఉంటాయి. ఒకే భవనమైతే వేరే అంతస్తులు, వేరే మెట్లు, వేరే టైమింగ్స్. కారిడార్‌లో రెండు మాటలాడితే ఇంటికి ఫోన్ వెళ్తుంది. రెండేళ్లు అలా ఉంచి, ఆగస్టులో ఒక్కసారిగా బీటెక్ మొదటి సంవత్సరంలో అరవైమందిని ఒకే గదిలో కూర్చోబెడతాం.

అప్పుడు జరిగేది ఇదీ. అవతలివాళ్లు మామూలుగా ఎలా మాట్లాడతారో, ఎలా నవ్వుతారో, ఎలా విసుక్కుంటారో తెలియదు. రికార్డు అడిగితే ఇచ్చిన అమ్మాయికి తనమీద ఇష్టమనుకుంటాడు అబ్బాయి. ఏ అబ్బాయి పలకరించినా ‘ఇది ఎక్కడికి పోతుందో’ అని అమ్మాయి బిగుసుకుపోతుంది. ఈ ఖాళీని సినిమా పూడుస్తుంది. వెంటపడి, వెంటపడి, చివరికి ఒప్పించడమే ప్రేమని దశాబ్దాలుగా చూపించిన సినిమా అది. అది చాలక ఇప్పుడు ‘ఆడవాళ్ల మనస్తత్వం’ చెప్పే యూట్యూబ్ చానెళ్లు కూడా ఉన్నాయి.

కాలేజీలు చేయగలిగింది చిన్నదే. ల్యాబ్ బ్యాచ్‌లు రోల్ నంబర్ల ప్రకారం కలిపి వేయండి. మినీ ప్రాజెక్టు బృందాల్లో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండేలా చూడండి. ఒక్క అమ్మాయినే వేస్తే ఆమె పని రికార్డులు రాయడం, పీపీటీలు చేయడంతో ముగుస్తుంది. క్లాసులో అటో వరస ఇటో వరస కూర్చోబెట్టడం ఆపండి. పని చేస్తూ మాట్లాడుకున్న మనుషులు ఒకరినొకరు మనుషులుగా చూస్తారు. ఫ్రెషర్స్ డే నాడు స్టేజీ ఎక్కించి ప్రపోజ్ చేయించే ఆటలు మాత్రం మానుకోవాలి. అవి పరిచయాన్ని పెంచవు. నలుగురిలో అమ్మాయిని ఇరకాటంలో పెడతాయి.

ఇష్టమని చెప్పడానికీ వెంటపడటానికీ మధ్య గీత ఎక్కడుంది?

ఒకసారి, మర్యాదగా, ఆమె వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోగలిగే చోట చెప్పడం తప్పు కాదు, నేరమూ కాదు. ఆమెకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలిశాక మళ్లీ మళ్లీ కలవడానికి, మాట కలపడానికి ప్రయత్నించడం, లేదా ఆమె ఇంటర్నెట్‌లో ఏం చేస్తోందో కనిపెట్టి ఉండటం సెక్షన్ 78 కింద నేరం. మొదటిసారి శిక్ష మూడేళ్ల వరకు, రెండోసారి ఐదేళ్ల వరకు. మొదటిసారికి బెయిల్ హక్కుగా వస్తుంది, రెండోసారికి రాదు.

చెప్పేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి: లిఫ్టులో, బస్టాపులో ఒంటరిగా ఉన్నప్పుడు, హాస్టల్ గేటు దగ్గర, నలుగురు స్నేహితుల్ని వెనకేసుకుని చెప్పొద్దు. ఆమె స్నేహితురాలి ద్వారా రాయబారం పంపొద్దు. జవాబు రాకపోతే అదే జవాబు. ‘ఆలోచించుకుని చెప్పు, వెయిట్ చేస్తా’ అని వారానికోసారి గుర్తుచేయడం వెంటపడటమే. కొత్త నంబర్ నుంచి, కొత్త ఐడీ నుంచి మెసేజ్ పెట్టడమంటే గీత దాటేసినట్టే.

కాదనేవాళ్లకు: భయంతో ‘ఇప్పుడు చదువు మీద దృష్టి పెట్టాలి’, ‘ఇంట్లో ఒప్పుకోరు’ అంటారు. అలా ఎందుకంటారో మాకు తెలుసు. కటువుగా చెబితే ఏం చేస్తాడోనని. కానీ అవతలివాడు దాన్ని ‘చదువయ్యాక అవును’ అని చదువుకుంటాడు. వీలైతే ఒక్కసారి రాతలో పెట్టండి: ‘నాకు ఇష్టం లేదు. ఇకపైన నాకు మెసేజ్ చేయొద్దు, కలవడానికి రావొద్దు.’ తిట్టు వద్దు, వివరణ వద్దు, దండం పెట్టే బొమ్మలూ వద్దు. ఆ తర్వాత ఏం పంపినా జవాబివ్వకండి. పదకొండో మెసేజ్‌కు విసుగెత్తి జవాబిస్తే, పదకొండుసార్లు పంపితే పలుకుతుందని అతనికి నేర్పినట్టవుతుంది.

ఒకడు వెంటపడుతున్నాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు. ఏం చేయను?

నిశ్శబ్దానికి అసలు కారణం ఇదే. పోకిరీకి కూడా ఇది తెలుసు. మీరు ఇంట్లో చెప్పరన్న ధైర్యమే అతనిది.

ముందు ఆధారం భద్రం చేసుకోండి. బ్లాక్ చేసే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకోండి. స్క్రీన్‌షాట్‌లో నంబరు లేదా ప్రొఫైల్ పేరు, తేదీ, సమయం కనబడాలి. ప్రొఫైల్ లింకు కాపీ చేసిపెట్టండి, ఎందుకంటే పేరు మార్చుకోవడం నిమిషం పని. ఎదురుపడిన ప్రతిసారీ తేదీ, చోటు, సమయం, బండి నంబరు, పక్కనున్నవాళ్ల పేరు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్ మారిస్తే పాతది రీసెట్ చేయకండి, అమ్మకండి. కోర్టులో ఆ ఫోనే ముఖ్యం.

తర్వాత ఒక పెద్ద మనిషిని ఎంచుకోండి. తల్లిదండ్రులే కానక్కర్లేదు. పిన్ని, మేనమామ, నమ్మకమైన లెక్చరర్ మేడం ఎవరైనా సరే. అలా ఒకరికి తెలిసి ఉండాలి.

తెలంగాణలో షీ టీమ్స్ 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలై తర్వాత రాష్ట్రమంతా విస్తరించాయి. మఫ్టీలో వచ్చి గమనిస్తారు, వీడియో తీస్తారు. చిన్న వేధింపులైతే అబ్బాయినీ అతని తల్లిదండ్రుల్నీ పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు. తీవ్రమైనదైతే కేసు పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో శక్తి బృందాలు, శక్తి యాప్ ఉన్నాయి. ‘నా పేరు బయటికి రాకూడదు, ఇంటికి ఫోన్ చేయొద్దు, ఈ నంబరుకే చేయండి’ అని మొదటే చెప్పండి. మీకు పద్దెనిమిదేళ్లు నిండితే ఫిర్యాదు మీ సొంత హక్కు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ‘నువ్వేం చేశావ్?’ అయితే, రెండో సంగతి మీకు ఎప్పటికీ చెప్పదు. ‘చెప్పి మంచి పని చేశావు, చదువు ఆగదు’ అనండి, ఆ తర్వాత ఎన్ని ప్రశ్నలైనా అడగండి.

స్టేషన్‌కు వెళ్తే ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపుతారట కదా?

అలా పంపకూడదు. సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని, జీరో ఎఫ్‌ఐఆర్ వేసి, సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపాలి. మెయిల్‌లో కూడా పంపవచ్చు, అయితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. వెంటపడటం, లైంగిక వేధింపు, దాడి లాంటి ఫిర్యాదులను మహిళా అధికారే నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. తొంభై రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు చెప్పాలి.

ఆచరణలో ఇబ్బంది ఇక్కడే వస్తుంది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేసే వీలుంది. ఆ పేరుతో నోటిమాట మీద పిటిషన్‌ను పక్కన పెట్టేస్తారు. అందుకే రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వేయకపోతే అదే పిటిషన్‌ను రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి లేదా కమిషనర్‌కు పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. పిటిషన్ ఒక పేజీ దాటకుండా చూసుకోండి: ఎవరు, ఎప్పటి నుంచి, ఏ తేదీన ఏం చేశాడు, మీరు ఎప్పుడు వద్దన్నారు, ఆధారాలు ఏవి. ‘తగు చర్య తీసుకోగలరు’ అని ఆపేయకుండా ‘కేసు నమోదు చేయగలరు’ అని రాయండి.

స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది.

ఎన్‌కౌంటర్ చేస్తేనే భయం ఉంటుంది కదా?

వరంగల్ యాసిడ్ కేసు నిందితులు 2008లో, శంషాబాద్ ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు 2019 డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. రెండో ఘటన మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, నిందితుల్ని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చింది. గుంటూరు హత్య ఈ రెండింటి తర్వాతే జరిగింది. ఆ కేసులో మాత్రం దర్యాప్తు, విచారణ వేగంగా సాగి, తొమ్మిది నెలల్లోపే 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషిగా తేల్చి మరణశిక్ష వేసింది. ఏ శిక్ష సరైనదన్న చర్చ ఎలా ఉన్నా, మొదటి బెదిరింపు మెసేజ్‌ను స్టేషన్‌లో పట్టించుకుని ఉంటే ప్రాణం దక్కే అవకాశం ఉంటుంది. మన డిమాండ్ అక్కడ ఉండాలి.

ఫొటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తున్నారు. ఏ క్రమంలో ఏం చేయాలి?

1. డబ్బు పంపకండి. ఒకసారి పంపితే బెదిరింపు ఆగదు, మొత్తం పెరుగుతుంది.

2. చాట్ చెరపకండి. భయంతో అకౌంటే డిలీట్ చేసేవాళ్లు చాలామంది. దాంతో ఆధారం పోతుంది, నిందితుడు మిగులుతాడు.

3. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో సొమ్ము నిలిపేసే అవకాశం ఉంది. లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి.

4. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన విభాగంలో ఫిర్యాదు చేయండి. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు, కానీ పేరుతో ఇస్తేనే దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోగలరు.

5. ఫొటో పెట్టిన యాప్‌లోనే రిపోర్ట్ చేయండి. నగ్న చిత్రాలు, మార్ఫ్ చేసిన చిత్రాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే తీసేయడానికి 2021 ఐటీ నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి. 2026 ఫిబ్రవరి సవరణతో అది రెండు గంటలకు తగ్గింది.

6. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది. చేరిన వేదికల్లో అదే ఫొటో ఎక్కించబోతే పట్టుబడుతుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటిని ఇది ఆపలేదు. మైనర్లకు ఇలాంటిదే ‘టేక్ ఇట్ డౌన్’ ఉంది.

ఫొటో తీసుకోవడానికి మీరే ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిది నేరమే. సెక్షన్ 77లో ఆ మాట స్పష్టంగా ఉంది. కాబట్టి ‘నువ్వే పంపావుగా’ అన్న వాదన చెల్లదు. ‘ఇదిగో చూడండి, ఇలా చేశాడు’ అని స్నేహితుల గ్రూపులో ఆ ఫొటో మళ్లీ పెట్టడం మాత్రం ఎవరూ చేయకండి. సాయం చేయబోయి వ్యాప్తి పెంచుతారు.

అబ్బాయిలూ ఈ ఉచ్చులో పడుతున్నారు. తెలియని అమ్మాయి పేరుతో రిక్వెస్టు, రెండు రోజుల తీపి మాటలు, వీడియో కాల్, రికార్డింగ్, మొదట కొన్ని వేలు, తర్వాత ‘సీబీఐ అధికారి’ ఫోన్. అవతల ఉన్నది చాలాసార్లు అమ్మాయే కాదు, ఒక ముఠా. ఇక్కడ కూడా పైన చెప్పిన క్రమమే పాటించాలి. బలవంతపు వసూలు సెక్షన్ 308 కింద నేరం, బాధితుడు మగవాడైనా సరే. సిగ్గుతో నోరు మూసుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

హాస్టల్ బాత్రూంలో కెమెరా ఉందని పుకారు వచ్చింది. ఏం చేయాలి?

2024 ఆగస్టులో కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ విషయంలో ఇలాగే రాత్రంతా ఆందోళన జరిగింది. తనిఖీల్లో కెమెరాలు దొరకలేదని పోలీసులు చెప్పారు. అయినా ఆ రాత్రి అమ్మాయిలు పడ్డ భయం అబద్ధం కాదు. యాజమాన్యం మాట మీద నమ్మకం లేనప్పుడు పుకారే వార్త అవుతుంది.

అనుమానం వస్తే లైట్లు ఆర్పి, టార్చితో గీజర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, స్విచ్ బోర్డు, కొక్కేలు, షవర్ చుట్టూ చూడండి. లెన్సు మీద చిన్న మెరుపు కనబడుతుంది. వైఫై వెతికే యాప్‌ల మీద ఆధారపడొద్దు, మెమరీ కార్డు కెమెరా వాటికి చిక్కదు. ఏదైనా దొరికితే పీకకండి, పగలగొట్టకండి. గదికి తాళం వేసి 112కు చేయండి. ప్రిన్సిపాల్‌కు నోటితో కాకుండా రాసివ్వండి. కాలేజీలు సెమిస్టర్‌కోసారి విద్యార్థినుల సమక్షంలో తనిఖీ చేసి ఫలితం నోటీసు బోర్డులో పెడితే పుకారుకు చోటే ఉండదు.

తప్పుడు కేసు పెడితే మా జీవితం పోతుంది కదా? అమ్మాయిలతో మాట్లాడకుండా ఉండటమే మంచిది కదా?

తప్పుడు కేసులు ఉన్నాయి. లేవంటే అబ్బాయిలు మన మాట వినడం మానేస్తారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులోనే, కుటుంబ వివాదాల్లో అత్తింటివారందరినీ గంపగుత్తగా ఇరికించడం సరికాదని హెచ్చరించి కేసు కొట్టేసింది. కానీ కేసు కొట్టేసిన ప్రతిచోటా ఫిర్యాదు అబద్ధమని కాదు. సాక్షులు ఎదురుతిరగడం, ఊళ్లో రాజీ కుదర్చడం, ఏళ్ల తరబడి సాగదీత కూడా కారణాలే.

అబ్బాయిలకు తెలియని రక్షణలు ఉన్నాయి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో కేసు పెట్టగానే అరెస్టు చేయకూడదని 2014లో సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పింది. ముందు సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద, విచారణకు రమ్మని నోటీసు ఇస్తారు. ముందస్తు బెయిల్‌కు సెక్షన్ 482, హైకోర్టులో కేసు రద్దు కోరడానికి సెక్షన్ 528 ఉన్నాయి. తెలిసి తెలిసి అబద్ధపు కేసు పెడితే న్యాయ సంహిత సెక్షన్ 248 కింద ఐదేళ్ల వరకు, ఆరోపించిన నేరం పెద్దదైతే పదేళ్ల వరకు శిక్ష ఉంది.

నోటీసు వస్తే గడువులోగా హాజరవండి. చాట్ మొత్తం భద్రపరచండి, మీకు అనుకూలమైన ముక్కలే కాదు. వకీలును కలవండి. చాలామంది పాడుచేసుకునేది ఆ తర్వాతే. ఆమెకు ఫోన్ చేసి బతిమాలతారు, పెద్దమనుషుల్ని వాళ్లింటికి పంపుతారు, స్నేహితులు ఆమె పేరు, ఫొటో ఇన్‌స్టాలో పెడతారు. మొదటి రెండూ సాక్షిని బెదిరించినట్టు లెక్కకు రావచ్చు. అత్యాచారం కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం సెక్షన్ 72 కింద విడిగా ఒక నేరం.

మాట్లాడటం మానేస్తే భద్రత రాదు. ఎప్పుడూ మాట్లాడనివాడికి అవతలి మనిషి ఇబ్బంది పడుతోందని గుర్తుపట్టడం రాదు.

పెళ్లి చేసుకుంటానని తర్వాత విడిపోతే అబ్బాయి మీద కేసవుతుందా?

సెక్షన్ 69 ప్రకారం, పెళ్లి చేసుకునే ఉద్దేశమే లేకుండా మాటిచ్చి లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల వరకు శిక్ష. ఏడేళ్లు దాటిన శిక్ష కాబట్టి అర్నేశ్ కుమార్ తీర్పు రక్షణ దీనికి వర్తించదు. నిజంగా చేసుకోవాలనుకుని తర్వాత కుదరకపోవడం వేరు, మొదటి నుంచే మోసం చేయడం వేరని 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ తీర్పులో సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది.

మన దగ్గర విడిపోవడాల్లో చాలా భాగం కులం దగ్గరే జరుగుతాయి. మూడేళ్లు తిరిగాక ‘మా నాన్న ఒప్పుకోవట్లేదు’ అంటారు. నాన్న ఒప్పుకోడని మొదటి రోజే తెలుసు. ఎదిరించి నిలబడతానా లేదా అన్నది ఆరు నెలల్లోపే అవతలి మనిషికి నిజాయితీగా చెప్పేయాలి. అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది. ఈ ఒక్క దాపరికం రెండు వైపులా పుట్టించే కసి అంతా ఇంతా కాదు.

అమ్మాయికి పదిహేడేళ్లు, ఇద్దరికీ ఇష్టమే. ఇబ్బంది ఉందా?

ఉంది, చాలా పెద్దది. పద్దెనిమిది నిండనివాళ్ల సమ్మతి పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 పోక్సో చట్టం ముందు చెల్లదు. ఇంటర్ రెండో ఏడాదిలో ఇద్దరు వెళ్లిపోతే, అమ్మాయి తల్లిదండ్రుల ఫిర్యాదుతో అబ్బాయి మీద పోక్సో కేసు పడుతుంది, అతనికి పద్దెనిమిది నిండి ఉంటే జైలుకూ వెళ్లవచ్చు. ఈ సంగతి తొమ్మిదో తరగతిలోనే మగపిల్లలకూ ఆడపిల్లలకూ చెప్పాలి. చాలా బడుల్లో చెప్పరు.

కాలేజీలో, ఆఫీసులో ఐసీకి ఫిర్యాదు చేస్తే ఉపయోగం ఉంటుందా?

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా, పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ (ఐసీ) ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటినుంచి ఒకరు. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. తొంభై రోజుల్లో విచారణ పూర్తవ్వాలి. కాలేజీలకు 2015 యూజీసీ నిబంధనలు అదనం: విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే కమిటీలో ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు ఉండాలి. మగ విద్యార్థులకు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు కూడా వేధింపు ఎదురవుతుందని ఆ నిబంధనలు గుర్తించాయి.

చెడిపోయేది ఎక్కడంటే, అమ్మాయి హెచ్‌ఓడీకి చెబుతుంది. ఆయన ‘నేను మాట్లాడతాను’ అంటారు. ఇద్దర్నీ గదిలోకి పిలిచి క్షమాపణ చెప్పించి పంపేస్తారు. మూడు నెలలు దాటిపోతాయి. కాబట్టి నోటిమాట ఎవరితో చెప్పినా, కాగితం మాత్రం కమిటీకే వెళ్లాలి. రాజీ కుదర్చడం ఫిర్యాదుదారు అడిగితేనే, అదీ డబ్బు లేకుండా.

ఆరోపణకు గురైనవాళ్లకు కూడా ఫిర్యాదు కాపీ, జవాబిచ్చే అవకాశం, గోప్యత హక్కులు. దురుద్దేశంతో పెట్టిన ఫిర్యాదుపై చర్య తీసుకునే వీలు చట్టంలోనే ఉంది. రుజువు చేయలేకపోవడాన్ని మాత్రం దురుద్దేశంగా లెక్కించరు. ఈ రెండు వాక్యాలూ కలిపి కాలేజీ గోడ మీద పెడితే అమ్మాయిలకు ధైర్యం, అబ్బాయిలకు నమ్మకం ఒకేసారి వస్తాయి.

క్లాసులో ఈ విషయం మాట్లాడిస్తే గొడవవుతుంది. ఎలా జరపాలి?

సెమినార్ హాల్లో మూడొందలమందికి ఉపన్యాసం పనికిరాదు. ఇరవై, ఇరవై నాలుగుమంది, తొంభై నిమిషాలు. మొదటి ఇరవై నిమిషాలు అమ్మాయిలు ఒక గదిలో, అబ్బాయిలు ఒక గదిలో. ఒక్కొక్కరు రెండు చీటీలు పేరు లేకుండా రాయాలి: ‘నాకు భయం వేసేది’, ‘అవతలివాళ్ల గురించి నేను తెలుసుకోవాలనుకునేది’. చీటీలు కలిపి, గొడవకు దిగని ఒక వ్యక్తి రెండు గుంపుల ముందూ చదవాలి. వినేవాళ్లు మొదటి విడతలో జవాబు చెప్పకూడదు. ‘అందరు మగాళ్లూ అలా ఉండరు’, ‘ఆడవాళ్లూ తక్కువేం కాదు’ అన్నవి రెండూ ఆ విడతలో నిషేధం, ఎందుకంటే అవి రాగానే భయం చెప్పుకుంటున్న మనిషి ముద్దాయి అవుతుంది. రెండో విడతలో ఒక చీటీ తీసుకుని, క్లాసులో ఏం మారిస్తే ఇది తగ్గుతుందో మాట్లాడాలి. ల్యాబ్ ఆరింటికి అయిపోతే బస్టాపు దాకా దీపాలు లేవని ఒక చీటీలో ఉండొచ్చు. అది అబ్బాయిలకు అప్పటిదాకా తెలిసి ఉండదు. చేయగలిగిన పని ఒకటి దొరికాకే ముగించండి.

మగపిల్లల వాట్సాప్ గ్రూపుల్లో క్లాస్‌మేట్ల ఫొటోలు పెట్టి మార్కులు వేయడం ఎన్ని సెమినార్లు పెట్టినా ఆగదు. గ్రూపులో ఉన్న ఒకడు ‘తీసేయ్ రా’ అంటే ఆగుతుంది. ఆ ఒక్కడికి తోడుగా ఇంకొకడు కూడా అనాలి.

విడిపోదామంటే ‘చచ్చిపోతాను’ అని మెసేజ్‌లు పెడుతున్నాడు. ఏం చేయాలి?

నిజమైన బాధ అయినా, బెదిరింపు అయినా మీరు చేయాల్సింది ఒకటే. అతన్ని కాపాడే బాధ్యత మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. ఒంటరిగా కలవడానికి వెళ్లకండి. ‘చివరిసారి’ అని పిలిచిన చోటికి అసలే వెళ్లొద్దు. ఆ మెసేజ్‌ను వెంటనే అతని ఇంట్లోవాళ్లకో, రూమ్‌మేట్‌కో పంపి ‘ఇప్పుడే వెళ్లి చూడండి’ అని రాయండి. ఎక్కడున్నాడో తెలిసి ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 112కు చేయండి. జాలితో మళ్లీ ఒప్పుకోవద్దు, అది ఇద్దరికీ ఉచ్చు అవుతుంది.

ఆ అబ్బాయి స్నేహితులు చేయాల్సింది ఇంకా ఎక్కువ. మందు పోయించి, ‘దాన్ని వదలొద్దు మామా’ అని ఎగదోసేవాళ్లు ప్రమాదకరం. నాలుగైదు రోజులు ఒంటరిగా వదలకండి. అన్నం తినిపించండి, ఫోన్లోంచి ఆమె నంబరు అతని చేతే తీయించండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరే కలిపి ఫోన్ అతని చేతికివ్వండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

నంబర్లన్నీ ఒకచోట ఇస్తారా?

అత్యవసరం 112. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లలకు 1098. సైబర్ మోసాలకు 1930. ఉచిత న్యాయ సహాయం 15100. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. అత్యాచారం లేదా యాసిడ్ దాడి జరిగితే ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, ముందు ఉచితంగా చికిత్స చేయాలి. ఎఫ్‌ఐఆర్ తెమ్మని తిప్పి పంపకూడదు. జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒకేచోట అందిస్తాయి. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్లండి. విప్పిన బట్టలుంటే ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి, ప్లాస్టిక్‌లో తడి పట్టి ఆధారం చెడిపోతుంది.